చెక్క ఫెన్స్: డబ్బు ముందు నేలలో పెట్టండి, తర్వాత మేకుల్లో, ఆఖరున చెక్కలో

ముందు మీరు అడిగింది క్లుప్తంగా. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు. మొన్నటి గాలివానకి పాత చెక్క ఫెన్స్ పడిపోయింది. వెనకవైపు 62 అడుగులు, పక్కన 38 అడుగులు, ఎత్తు 6 అడుగులు, విడిగా 4 అడుగుల గేటు ఒకటి. మూడు కొటేషన్లు వచ్చాయి. మూడింటిలోనూ "సీడార్, గాల్వనైజ్డ్ మేకులు" అనే రాశారు, ధరలు మాత్రం ఒకదానికొకటి పొంతన లేవు. ఏ చెక్క తీసుకోవాలి, పోస్టులు చెక్కవా ఇనుపవా, మేకులా స్క్రూలా, ఏవి ఎన్ని కావాలి అన్నది మీ ప్రశ్న.

ఆ రెండు మాటల వల్ల మీకు తెలిసేది దాదాపు ఏమీ లేదు. సీడార్ పేరుతో నాలుగైదు రకాల చెక్క అమ్ముతారు. గాల్వనైజ్డ్ (జింక్ పూత పూసిన) పేరుతో ఏడాదిలో తుప్పు పట్టే మేకూ ఉంది, పదిహేనేళ్లు నిలిచే మేకూ ఉంది. పైగా ఫెన్స్ కూలేది మీకు కనపడే పికెట్ల (నిలువు పలకల) వల్ల కాదు. నేలమట్టం దగ్గర పోస్టు విరిగి కూలుతుంది, లేదా మేకు లోపల సన్నబడి పట్టు వదులుతుంది. అందుకే కింద నుంచి పైకి వెళ్దాం.

మీ కింద ఉన్న మట్టి ముందు తెలుసుకోండి. డాలస్ చుట్టుపక్కల చాలా మేరకు ఉన్నది నల్లమట్టి. మన ఆదిలాబాద్, కర్నూలు నల్లరేగడి, అక్కడి బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ మట్టి రెండూ శాస్త్రవేత్తల లెక్కలో ఒకే జాతివి, వర్టిసాల్స్ అంటారు. వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుని నెర్రెలు విచ్చుతుంది. ఎండాకాలంలో పోస్టు చుట్టూ ఉన్న కాంక్రీటుకీ మట్టికీ మధ్య సందు ఏర్పడుతుంది. తర్వాతి వానకి నీళ్లు ఆ సందులో నిలబడతాయి. తేమ, గాలి రెండూ కలిసి దొరికేది సరిగ్గా నేలమట్టం దగ్గరే కాబట్టి కుళ్లు బూజు అక్కడే పడుతుంది. లోతున ఉన్న చెక్కకి గాలి అందదు, పైన ఉన్నది ఆరిపోతుంది. పడిపోయిన మీ పాత పోస్టుల్ని ఒకసారి చూడండి. విరిగిన చోటు నేలకి రెండు మూడు అంగుళాలు అటూ ఇటూగా ఉంటుంది, దానికి కిందా పైనా చెక్క గట్టిగానే ఉంటుంది.

దీనికి గాలి బరువు తోడవుతుంది. సందులు లేని ఫెన్స్ అంటే గాలికి ఎదురు నిలబెట్టిన తలుపు. 8 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు ఉన్న ఒక గడి, అంటే రెండు పోస్టుల మధ్య భాగం, 48 చదరపు అడుగులు. గంటకి 70 మైళ్ల గాలి దాని మీద సుమారు 600 పౌండ్ల ఒత్తిడి పెడుతుంది, అంటే 270 కిలోలు. ఆ బరువంతా నేల నుంచి 3 అడుగుల ఎత్తున తోస్తున్నట్టు లెక్క, దాన్ని భరించేది ఒక్క పోస్టు మొదలు. 4×4 చెక్క పోస్టు నిజంగా 3.5 అంగుళాల చదరం. దాని మీద ఈ బరువు చదరపు అంగుళానికి 3,000 పౌండ్ల పైన పడుతుంది. నంబర్ 2 గ్రేడు సదరన్ పైన్ చెక్కకి డిజైన్ పట్టికలు అనుమతించే దానికంటే ఇది చాలా ఎక్కువ. కొత్త పోస్టు చాలాసార్లు తట్టుకుంటుంది. నాలుగేళ్లు తడిసిన పోస్టు తట్టుకోదు.

కాబట్టి నా మాట సూటిగా: ఈ మట్టిలో, ఈ గాలికి గాల్వనైజ్డ్ ఇనుప పోస్టులు వేయించండి. 2-3/8 అంగుళాల వ్యాసం ఉన్న గుండ్రటి పైపు తీసుకోండి. "స్టీల్ పోస్టు" అని మాత్రమే రాసిన కొటేషన్ ఒప్పుకోకండి, గోడ మందం అడగండి. 0.065 అంగుళాల పలుచటి పైపు చేత్తో పట్టుకుంటే గట్టిగానే అనిపిస్తుంది, పై లెక్క ప్రకారం మాత్రం 8 అడుగుల గడికి వంగిపోతుంది. యీల్డ్ (శాశ్వతంగా వంగిపోయే హద్దు) 50,000 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి 50,000 పౌండ్లు, ఉన్న ఉక్కులో 0.130 అంగుళాల గోడ ఉంటే 8 అడుగుల గడి నిలుస్తుంది. 0.095 దొరికితే పోస్టుల మధ్య దూరం 6 అడుగులకి తగ్గించండి. పైపు నెత్తిన టోపీ తప్పనిసరి. అది లేకపోతే నీళ్లు లోపలికి దిగి కింద నిలబడి లోపల్నుంచి తుప్పు పడుతుంది.

పైపు కంటికి ఇంపుగా ఉండదనుకుంటే, లేదా మీ హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకోకపోతే, రెక్కలున్న ఇనుప పోస్టులు దొరుకుతాయి. వాటికి అడ్డపట్టీలు నేరుగా స్క్రూలతో బిగించి, పోస్టు ముందు ఒక పికెట్ కొడితే ఫెన్స్ మొత్తం చెక్కలాగే కనిపిస్తుంది.

చెక్క పోస్టులే కావాలంటే చేయాల్సినవి ఇవి. ప్రెషర్ ట్రీటెడ్ పైన్, అంటే ఒత్తిడితో మందు ఎక్కించిన పైన్ చెక్క, తీసుకోండి. చివర స్టేపిల్ చేసిన చిన్న ట్యాగ్ మీద "గ్రౌండ్ కాంటాక్ట్", యూసీ4ఏ అని ఉండాలి, యూసీ4బీ దొరికితే ఇంకా మంచిది. యూసీ3బీ అని ఉంటే అది నేలకి పైన వాడే చెక్క, పోస్టుకి పనికిరాదు. పోస్టుల మధ్య దూరం 6 అడుగులు మించకూడదు, గేటుకి 6×6 వాడాలి. కోసిన చివర ఎప్పుడూ పైకే ఉండాలి, కంపెనీ నుంచి వచ్చిన చివర నేలలోకి దిగాలి. ఎందుకంటే మందు చెక్క మధ్య దాకా పూర్తిగా ఇంకదు, కోసిన చోట మందు లేని గుండె బయటపడుతుంది. కోసిన ప్రతి చివరకీ కాపర్ నాఫ్తనేట్ అనే మందు పూయండి. సీడార్ పోస్టు నేలలో పెట్టమని ఎవరైనా చెప్తే వద్దనండి. సీడార్‌లో చేవ, అంటే మధ్యలోని ముదురు చెక్క, మాత్రమే కుళ్లుని తట్టుకుంటుంది, ఇప్పుడు దొరికే పోస్టుల్లో చుట్టూ తెల్లచెక్క చాలా ఉంటోంది.

గుంత విషయానికి వద్దాం. 10 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల లోతు. అడుగున 4 అంగుళాల కంకర, పైన 26 అంగుళాల కాంక్రీటు. పైపు ఆక్రమించే చోటు తీసేస్తే ఒక్కో గుంతకి 1.1 ఘనపుటడుగులు పడుతుంది. 80 పౌండ్ల బస్తా కలిపితే 0.6 ఘనపుటడుగులు వస్తుంది కాబట్టి గుంతకి రెండు బస్తాలు. గుంత పక్కలు నిటారుగా ఉండాలి. పైన వెడల్పుగా, కింద సన్నగా గరాటులాగా తవ్వితే ఉబ్బే మట్టి ఆ అంచుని పట్టుకుని కాంక్రీటుని పైకి ఎత్తేస్తుంది. కాంక్రీటు నెత్తి నేలకంటే కొంచెం పైకి వచ్చి నాలుగు వైపులా వాలుగా ఉండాలి. నేలకి కింద ఆపేసి పైన మట్టి కప్పితే అది నీళ్లు పట్టే గిన్నె అవుతుంది. బస్తా పొడి గుంతలో పోసి పైన నీళ్లు చల్లే పద్ధతి చాలామంది చేస్తారు. నల్లమట్టిలో నేను దాన్ని ఒప్పుకోను, కలిపి పోస్తేనే అడుగు దాకా గట్టిపడుతుందన్న నమ్మకం.

తవ్వే ముందు 811కి ఫోన్ చేయించండి. టెక్సస్‌లో కనీసం 48 గంటల ముందు, శని ఆదివారాలూ సెలవులూ లెక్కలోంచి తీసేసి చెప్పాలి. గ్యాస్, కరెంటు, ఇంటర్నెట్ లైన్లు ఎక్కడున్నాయో రంగు గుర్తులు పెట్టి వెళ్తారు, ఉచితం. మీ స్ప్రింక్లర్ పైపులు మాత్రం వాళ్లు గుర్తించరు, అవి మీరే చూపించాలి.

ఇక పోస్టుల పంపకం. 62 అడుగుల్ని 8తో భాగిస్తూ పోయి చివర చిన్న ముక్క మిగల్చకండి. 8 గడులుగా సమంగా పంచితే ఒక్కోటి 93 అంగుళాలు. 38 అడుగుల్ని 5 గడులు చేస్తే ఒక్కోటి 91 అంగుళాల పైచిలుకు. అడ్డపట్టీ పొడవు సరిగ్గా 96 అంగుళాలు కాబట్టి గుంత ఒక అంగుళం అటూ ఇటూ జరిగినా పట్టీ అందుతుంది. 96 దగ్గరే పోస్టులు పాతితే ఒక్క గుంత రాయి తగిలి జరిగినా పట్టీ చాలక అతుకు వేయాల్సి వస్తుంది. మొత్తం 13 గడులు, మూలది ఉమ్మడి కాబట్టి 14 పోస్టులు, 28 బస్తాలు. గేటు పోస్టులు రెండూ వీటికి అదనం.

అడ్డపట్టీలు, అంటే వాళ్లు రెయిల్స్ అనేవి, 2×4 ట్రీటెడ్ పైన్. 6 అడుగుల ఫెన్స్‌కి మూడు వరసలు, 8 అడుగులకి నాలుగు. రెండు వరసలతో సరిపెడతామంటే ఒప్పుకోకండి, మధ్యలో పట్టు లేని పికెట్ ఒక్క వేసవికే విల్లులా వంగుతుంది. 8 అడుగుల పైపు 30 అంగుళాలు లోపలికి పోతే పైన 66 అంగుళాలు ఉంటుంది. నేల నుంచి 10, 36, 62 అంగుళాల దగ్గర పట్టీలు వేయండి. పికెట్ పోస్టు కంటే పైకి లేస్తుంది, దానివల్ల ఇబ్బంది లేదు. 13 గడులకి 39 పట్టీలు కావాలి, ఓ మూడు అదనంగా కొనండి. కొనేటప్పుడు ఒక చివర కంటికి ఆనించి పొడవునా చూడండి, వంకర ఉన్నది పక్కన పెట్టేయండి. తడిగా ఉన్న ట్రీటెడ్ పట్టీని ఎండలో వారం రోజులు పడేస్తే మెలి తిరుగుతుంది. తెచ్చిన రెండు మూడు రోజుల్లో బిగించాలి.

పైపుకి పట్టీని పట్టి ఉంచేది పైప్ గ్రిప్ టై అనే బ్రాకెట్. పోస్టుకి మూడు చొప్పున 42, మూల పోస్టుకి రెండో వైపు మూడు అదనం. రెండు పట్టీల చివరలు ఒకే బ్రాకెట్ మీద కలుస్తాయి, ఒక్కో చివరకి రెండేసి స్క్రూలు పడాలి. పట్టీ మందం అంగుళంన్నర కాబట్టి స్క్రూ పొడవు అంగుళంన్నర మించకూడదు, మించితే మొన పికెట్‌ని లోపల్నుంచి తోస్తుంది. బ్రాకెట్ల మీద జీ90 కాదు, జీ185 అని ఉండాలి. ఇందులో జింక్ పూత రెట్టింపు.

ఈ రెట్టింపు ఎందుకో చెప్పాలి, మేకుల సంగతి అంతా ఇక్కడే ఉంది. 2003 ఆఖరు వరకు ఇళ్లకి వాడే ట్రీటెడ్ చెక్కలో ఉన్న మందు సీసీఏ, అందులో రాగితో పాటు క్రోమియం, ఆర్సెనిక్ ఉండేవి. ఇళ్లకి దాన్ని ఆపేశాక వచ్చిన ఏసీక్యూ, కాపర్ అజోల్ లాంటి మందుల్లో రాగి పాలు బాగా పెరిగింది. తడి చెక్కలో రాగి, దాని పక్కన ఇనుము ఉంటే ఇనుము కరిగిపోతుంది, బ్యాటరీలో జరిగేదే ఇది. అందుకే పాత రోజుల్లో నిలిచిన మామూలు మేకు ఇప్పటి చెక్కలో నిలవదు. అల్యూమినియం మేకులు, రేకులు అయితే ట్రీటెడ్ చెక్కకి ఆనించనే కూడదు.

గాల్వనైజ్డ్‌లో రెండు రకాలు. ఎలక్ట్రో గాల్వనైజ్డ్ అంటే కరెంటుతో పట్టించిన పూత. నున్నగా, వెండిలా మెరుస్తుంది. పూత కొద్ది మైక్రాన్లే. హాట్ డిప్ అంటే కరిగిన జింక్‌లో ముంచి తీసింది. మబ్బు రంగులో, గరుకుగా, అక్కడక్కడ చిన్న చిన్న బుడిపెలతో ఉంటుంది. ఏఎస్‌టీఎం ఏ153 అనే అమెరికా ప్రమాణం ప్రకారం మేకుల మీద దాని పూత సగటున 43 మైక్రాన్లు. రెండూ అరచేతిలో పక్కపక్కన పెట్టి బొటనవేలితో రుద్దితే చాలు, తేడా తెలిసిపోతుంది. పెట్టె మీద "గాల్వనైజ్డ్" అని మాత్రమే ఉంటే అది ఎలక్ట్రో అనే అనుకోండి. హాట్ డిప్ అయితే సాధారణంగా ఏ153 అని రాస్తారు.

సీడార్‌లో రాగి మందు లేదు కదా, మామూలు మేకు చాలదా అంటే, అక్కడ ఇంకో సంగతి ఉంది. సీడార్‌లో వగరు పదార్థం, టానిన్, బాగా ఉంటుంది. అది ఇనుముతో కలిస్తే నల్లరంగు అవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద తుప్పు ఇనుమూ బెల్లమూ పులిసిన నీళ్లతో గీస్తే నల్లగీత పడేది ఇందుకే. గుడ్డ మీద అది అందం. మీ ఫెన్స్ మీద ప్రతి మేకు కింద కన్నీటి చారలాగా కారుతుంది, ఏం రుద్దినా పూర్తిగా పోదు. ఆ చార కనపడిన చోట పికెట్ ఊడదీసి చూడండి. మేకు తల బాగానే ఉంటుంది. పికెట్‌కీ పట్టీకీ మధ్య, తేమ ఎక్కువసేపు నిలిచే చోట, మేకు నడుము సగానికి సన్నబడి ఉంటుంది. తెగేది అక్కడే.

కాబట్టి పికెట్లకి మొదటి ఎంపిక స్టెయిన్‌లెస్ 304 రింగ్ షాంక్ మేకులు. గాల్వెస్టన్ లాంటి సముద్రతీరంలో అయితే 316, మీకు అంత అవసరం లేదు. రెండో ఎంపిక హాట్ డిప్ రింగ్ షాంక్. మూడోది నా దగ్గర లేదు. మొత్తం ఖర్చులో మేకుల వాటా చాలా తక్కువ, అక్కడ మిగుల్చుకుని లాభం లేదు. ఒక జాగ్రత్త: రెండు లోహాలు కలపకండి. హాట్ డిప్ బ్రాకెట్‌లో హాట్ డిప్ స్క్రూలే వాడాలి, స్టెయిన్‌లెస్ బ్రాకెట్‌లో స్టెయిన్‌లెస్.

రింగ్ షాంక్ ఎందుకంటే, చెక్క తడికి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది, ప్రతిసారీ నున్నటి మేకుని కొంచెం కొంచెం బయటికి నెడుతుంది. రెండేళ్లకి తలలు పైకి లేస్తాయి. ఒంటి మీద ఉంగరాల్లాంటి గాట్లున్న మేకు చెక్క పీచుని పట్టుకుని కదలదు. స్టేపిల్స్, బ్రాడ్ మేకులు పికెట్లకి వద్దు. వాటికి తల లేనట్టే, మొదటి గాలివానకి పికెట్ మేకు తల మీదుగా ఊడొస్తుంది.

పొడవు లెక్క చేతివేళ్ల మీద వేయొచ్చు. పికెట్ మందం 5/8 అంగుళం, పట్టీ అంగుళంన్నర, మొత్తం 2-1/8 అంగుళాలు. 2 అంగుళాల మేకు కొడితే పట్టీలోకి 1-3/8 దిగుతుంది, వెనక బయటపడదు. ఇదే సరైనది. 2-1/2 అంగుళాల మేకు కొడితే మొన వెనక్కి 3/8 అంగుళం పొడుచుకొస్తుంది, పిల్లలు ఆడుకునే వైపు అది పెద్ద ప్రమాదం. ప్రతి పట్టీ దగ్గర రెండు మేకులు, అంచు నుంచి అంగుళం లోపలికి. అంచుకి మరీ దగ్గరగా కొడితే చీలుతుంది. మధ్యలో ఒక్కటే కొడితే పికెట్ అటూ ఇటూ డొప్పలా ముడుచుకుంటుంది.

గన్‌తో కొట్టేటప్పుడు గాలి ఒత్తిడి తగ్గించమని చెప్పండి. సీడార్ మెత్తన. తల పావు అంగుళం లోపలికి పోయిందంటే ఆ చోట పట్టి ఉంచేది 5/8లో మిగిలిన 3/8 మాత్రమే, ఆ గుంటలో నీళ్లు కూడా నిలబడతాయి. తల చెక్క మట్టానికి వచ్చి ఆగాలి. పనివాళ్లు మొదటి పది పికెట్లు కొట్టగానే వెళ్లి వేలితో తడిమి చూడండి.

మేకులా స్క్రూలా అన్నదానికి నా జవాబు: పికెట్లకి మేకులు, బరువు మోసే చోట స్క్రూలు, గేటుకి బోల్టులు. పికెట్లకి స్క్రూలు వాడితే తప్పేం లేదు, పాడైన పికెట్ మార్చడం తేలిక. కానీ చివరల దగ్గర ముందే రంధ్రం చేయకపోతే చీలుతుంది, సమయం బాగా పడుతుంది. చెక్క పోస్టులైతే పట్టీ చివరకి 3 అంగుళాల స్ట్రక్చరల్ స్క్రూలు రెండేసి, లేదా 3-1/2 అంగుళాల హాట్ డిప్ మేకులు మూడేసి. స్క్రూ పెట్టె మీద ఏసీక్యూ చెక్కకి పనికొస్తుందని స్పష్టంగా రాసి ఉండాలి. నల్లటి డ్రైవాల్ స్క్రూలు బయట ఎక్కడా వాడనివ్వకండి. అవి పెళుసు, గాలికి ఫెన్స్ ఊగినప్పుడు తలలు టక్కున తెగుతాయి.

ఇప్పుడు పికెట్లు. కొటేషన్‌లో "వెస్టర్న్ రెడ్ సీడార్" అని పూర్తి పేరు రాయించండి. ఉత్త "సీడార్" కింద ఇన్సెన్స్ సీడార్, జపనీస్ సీడార్ కూడా ఇస్తున్నారు. అవి పనికిరానివని కాదు, ధర మాత్రం ఆ మేరకు తగ్గాలి. మందం 5/8 అని రాయించండి, అర అంగుళం పికెట్లు ఎక్కువగా వంకర పోతాయి. రంగు చూడండి: గోధుమ, ఎరుపు గోధుమ రంగు ఉన్నది చేవ, పాలిపోయిన పసుపు తెలుపు పట్టీలు చేవ లేని చెక్క. మూడోవంతు కంటే ఎక్కువ తెల్లగా ఉన్న పికెట్లు పక్కన పెట్టించండి. ముడి గట్టిగా అతుక్కుని ఉంటే పర్వాలేదు, చుట్టూ నల్లగీత ఉన్న ముడి ఎండాక ఊడి రంధ్రం మిగులుతుంది.

లెక్క: పికెట్ వెడల్పు 5-1/2 అంగుళాలు. వెనకవైపు 136, పక్కన 83, మొత్తం 219. విరిగినవీ చేవ లేనివీ పోను 235 తెప్పించండి. మేకులు పికెట్‌కి ఆరు చొప్పున 1,314, 1,500 కొనండి.

ఇలా పక్కపక్కన కొట్టిన ఫెన్స్‌లో ఏడాది గడిచేసరికి చెక్క ఆరి సన్నటి సందులు వస్తాయి. పక్కింటి వాళ్లకి అసలు కనపడకూడదనుకుంటే బోర్డ్ ఆన్ బోర్డ్ వేయించండి. వెనక వరస పికెట్ల మధ్య 3-1/2 అంగుళాల సందు వదిలి, ముందు వరస ఆ సందుని రెండు పక్కలా అంగుళం చొప్పున కప్పుతుంది. పికెట్లు 219 బదులు 267 పడతాయి. ఇక్కడ తరచూ ఒక తప్పు జరుగుతుంది. ముందు పికెట్‌ని అంచుకి దగ్గరగా కొడితే ఆ మేకు వెనక పికెట్‌లోంచి కూడా దిగుతుంది. రెండు చెక్కలూ ఒకే మేకుకి చిక్కి, ముడుచుకునే వీలు లేక రెండింట్లో ఒకటి నిలువునా చీలుతుంది. ముందు వరస మేకు అంచు నుంచి అంగుళంన్నర లోపల, సందు మీదుగా పోయి పట్టీలో దిగాలి. అప్పుడు 2 అంగుళాలు చాలదు, 2-1/2 అంగుళాల మేకు కావాలి: రెండు పికెట్ల మందం 1-1/4 పోను పట్టీలోకి 1-1/4 దిగుతుంది.

పికెట్ అడుగు నేలకి తగలకూడదు, 2 అంగుళాలు పైకి ఉంచాలి. ఆ సందులోంచి కుక్క దూరుతుందనుకుంటే అడుగున 2×6 ట్రీటెడ్ పలక నిలువుగా వేయించండి, రాట్ బోర్డ్ అంటారు, 13 కావాలి. దీనికి మాత్రం "గ్రౌండ్ కాంటాక్ట్" ట్యాగ్ ఉండాలి. కుళ్లినా చెదలు పట్టినా అది ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది, పికెట్లు బతుకుతాయి. గడ్డి కోసే తీగ తగిలేది కూడా దానికే. దీనివల్ల ఎత్తు పెరుగుతుంది కాబట్టి హెచ్ఓఏ, సిటీ అనుమతి కాగితంలో ముందే రాయించుకోండి. స్ప్రింక్లర్లు ఫెన్స్ మీద చిమ్ముతుంటే తిప్పేయండి. రోజూ తెల్లవారుజామున తడిసే చెక్కని ఏ మందూ ఎంతో కాలం కాపాడలేదు.

గేటు దగ్గర పొదుపు చేయకండి. గేటు పోస్టులు 36 అంగుళాల లోతు, గోడ మందం 0.130కి తగ్గకూడదు. గేటుకి ఇనుప ఫ్రేము ఉంటే మంచిది. చెక్క ఫ్రేమైతే ఏటవాలు పట్టీ కబ్జాల (హింజ్‌ల) వైపు కింది మూల నుంచి గొళ్లెం వైపు పై మూలకి వెళ్లాలి, బరువు దాని మీదుగా కింది కబ్జాకి చేరుతుంది. తిరగేసి వేస్తే అది బరువు మోయదు, మేకుల నుంచి లాగుతుంది, గేటు ఆరు నెలల్లో నేలకి రాసుకుంటుంది. తీగ, టర్న్‌బకిల్ (తీగని బిగించే మర) వాడితే మాత్రం దిశ మారుతుంది: కబ్జాల వైపు పై మూల నుంచి గొళ్లెం వైపు కింది మూలకి, ఎందుకంటే తీగ లాగుతుందే తప్ప తోయదు. కబ్జాలకి 3/8 అంగుళం క్యారేజ్ బోల్టులు ఆరపార వేసి వాషరుతో బిగించాలి. మొదటి వేసవి అయ్యాక చెక్క ముడుచుకుని నట్లు వదులవుతాయి, ఒకసారి బిగించండి.

రంగు గురించి క్లుప్తంగా. పెయింట్ వద్దు, పొరలా లేచిపోతుంది. నూనె ఆధారిత సెమీ ట్రాన్స్‌పరెంట్ స్టెయిన్ చెక్కలో ఇంకుతుంది. పికెట్ మీద నీళ్లు చిలకరించండి. కొద్ది నిమిషాల్లో ఇంకితే వేయొచ్చు, ముత్యాల్లా నిలబడితే ఇంకా ఆరలేదు. కోసిన పై అంచులకి రెండుసార్లు పూయాలి, నీళ్లు ఎక్కువగా తాగేది అక్కడే. స్టెయిన్ తుడిచిన గుడ్డలు ముద్దగా చుట్టి గ్యారేజీలో పడేయకండి. ఆరేటప్పుడు నూనె వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. విప్పి బయట ఆరేసి ఆ తర్వాత పారేయండి.

పాత ఫెన్స్ 2004కి ముందుదైతే ఆ ట్రీటెడ్ పోస్టుల్లో ఆర్సెనిక్ ఉండే అవకాశం ఉంది. పొయ్యిలో, పెరటి మంటలో కాల్చకండి, కూరగాయల మడులకి అంచుగా కూడా పెట్టకండి. కాంట్రాక్టరే తీసుకెళ్లేలా కొటేషన్‌లో రాయించండి.

ఇక ఆ కొటేషన్లు మూడూ తిప్పి పంపించి ఈ మాటలు అందులో చేర్పించుకోండి: పైపు వ్యాసం 2-3/8, గోడ మందం 0.130, గుంత 10×30 అంగుళాలు, గుంతకి 80 పౌండ్ల బస్తాలు రెండు, పట్టీలు మూడు వరసలు ట్రీటెడ్ పైన్, బ్రాకెట్లు జీ185, వెస్టర్న్ రెడ్ సీడార్ 5/8 అంగుళం, మేకులు స్టెయిన్‌లెస్ 304 లేదా ఏ153 హాట్ డిప్, రింగ్ షాంక్, 2 అంగుళాలు. ఇవి రాసి ఇచ్చాక వచ్చే ధరలే ఒకదానితో ఒకటి పోల్చదగ్గవి. పని మొదలైన రోజు పొద్దున్నే పైపు చివర గోడ మందం కొలవండి, పట్టీల ట్యాగులు చదవండి, మేకుల పెట్టె మూత మీద రాసింది ఫోటో తీసుకోండి. కాంక్రీటు పోశాక పోస్టులు మార్చించడం కష్టం.

ఆ మేకుల పెట్టె ఫోటో, పట్టీ చివర ట్యాగ్ ఫోటో ఇక్కడ పెట్టండి. సరైనవో కాదో చూసి చెప్తాను.